ప్రాజెక్టు డైరీ: అధ్యక్ష అభ్యర్థి ప్రసంగానికి మా హాల్లో డయల్ మీటర్

జూన్ 2024, మొదటి వారం

ఎన్నికల ఏడాది వచ్చిందంటే ఇక్కడ అమెరికా టీవీల్లో డిబేట్ కింద ఒక గీత పాకుతూ ఉంటుంది. ఎక్కడో ఒక గదిలో కొంతమంది ఓటర్లను కూర్చోబెట్టి, తలా ఒక చిన్న డయల్ చేతికిస్తారు. వింటున్న మాట నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి తిప్పాలి. అందరి సగటు గీతగా వస్తుంది. అది పైకి లేవగానే "ఇక్కడ జనం కనెక్ట్ అయ్యారు" అని తేల్చేస్తారు. ఆ సగటు వెనక ఎవరెవరు ఉన్నారు, ఎవరి చెయ్యి ఎటు తిరిగింది అన్నది మాత్రం మనకు చూపించరు. నాకు చూడాలనుంది. అందుకే ఈ వేసవిలో ఆ డయల్ నేనే చేసి, టెక్సాస్‌లో ఇర్వింగ్‌లోని మా హాల్లో వాడి చూడాలనుకున్నాను.

డిబేట్ కాకుండా నామినేషన్ అంగీకార ప్రసంగాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులో గొంతు ఒక్కటే ఉంటుంది. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. ఒకే మనిషి తన కథ, తన హామీలు, ఎదుటివాడి మీద తన కోపం, అన్నీ ఒకే ఊపులో చెప్పుకుపోతాడు. పైగా అది ఏకకాలంలో రెండు రకాల జనం వినే ప్రసంగం. 1932కి ముందు పార్టీ అభ్యర్థి కన్వెన్షన్‌కి, అంటే పార్టీ జాతీయ మహాసభకి, వచ్చి నామినేషన్ స్వీకరించే పద్ధతే లేదు. ఆ ఏడాది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆల్బనీ నుంచి విమానంలో షికాగో వెళ్లి, సభలో నిలబడి నామినేషన్ స్వీకరించి ఆ పద్ధతిని మొదలుపెట్టాడు. అప్పటి నుంచి హాల్లో ఉన్న పార్టీ ప్రతినిధులు ఒక వైపు, ఇంట్లో రేడియో ముందో టీవీ ముందో కూర్చున్న మామూలు జనం ఇంకో వైపు. ఈ ఇద్దరికీ ఒకే మాట ఒకేలా వినపడదు. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ స్వేచ్ఛను కాపాడుకునేందుకు అతివాదం తప్పు కాదన్నప్పుడు హాలు హోరెత్తింది. ఇళ్లలో చూసిన చాలామందికి అదే మాట గుండెల్లో రాయి పడేసింది. నవంబరులో ఆయనకు వచ్చింది ఆరు రాష్ట్రాలే.

కాబట్టి నాకు కావలసింది హాలు చప్పట్లు కాదు. మా సోఫా మీది చేతులు.

సామాను, కూర్పు

ఈ పనికి ముత్తాత ఒకటుంది. 1930ల్లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్, సీబీఎస్ రేడియో సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ స్టాంటన్ కలిసి ప్రోగ్రామ్ ఎనలైజర్ అనే యంత్రం చేశారు. వినేవాళ్ల చేతుల్లో రెండు బటన్లు ఉండేవి. నచ్చితే పచ్చది, నచ్చకపోతే ఎర్రది నొక్కాలి. కదిలే కాగితం మీద పెన్నులు గీతలు గీసేవి. ఏదీ నొక్కకపోతే ఉదాసీనంగా ఉన్నట్టు లెక్క. ఈ చివరి నియమాన్ని మనసులో పెట్టుకున్నాను. దాని సంగతి తర్వాత వస్తుంది.

నా డయల్‌కి వాడినవి ఇవి: ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటిది), పది కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పితే రెసిస్టెన్స్ మారేది), చిన్న పవర్ బ్యాంకు, ఇండియన్ స్టోర్‌లో కూరలు పెట్టి ఇచ్చే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. పొటెన్షియోమీటర్ కొనేటప్పుడు దాని మీద బీ అనే అక్షరం ఉందో లేదో చూసుకోవాలి. బీ అంటే తిప్పినంత మేరా సమానంగా మారేది. ఏ అని ఉన్నది వాల్యూమ్ కంట్రోల్ కోసం చేసింది, సగం దూరం తిప్పినా విలువ పెద్దగా మారదు. ఈ పనికి అది పనికిరాదు.

డబ్బా మూతకి ఏడు మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేసి, పొటెన్షియోమీటర్‌ని నట్టుతో బిగించాను. దాంతో వచ్చే నాబ్ మరీ చిన్నది, మా అత్తగారి వేళ్లకి పట్టు దొరకలేదు. దాని మీద ఆవకాయ సీసా మూత అంటించాను. అరచేతితో తిప్పొచ్చు, చూడకుండానే తిప్పొచ్చు. చూడకుండా తిప్పగలగడం చాలా ముఖ్యం, కళ్లు టీవీ మీదే ఉండాలి మరి. సున్నా నుంచి వంద దాకా ఉన్న కొలతకి మధ్యలో, 50 దగ్గర, వేలికి తగిలేలా ఫెవిక్విక్ చుక్క ఒకటి గట్టిపడనిచ్చాను.

ఎవరైనా చేసుకోవాలనుకుంటే ఈ బోర్డుతో మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. వైఫై వాడుతున్నప్పుడు అనలాగ్ రీడింగ్‌కి 32 నుంచి 39 మధ్య పిన్నులే వాడాలి, మిగతావి వైఫైతో తగాదా పడతాయి. నేను 34 వాడాను. రెండోది, ఈ బోర్డు వోల్టేజీని రెండు చివర్లలో సరిగ్గా కొలవదు. సున్నా దగ్గరా, గరిష్ఠం దగ్గరా ఎంత తిప్పినా ఒకే అంకె చూపిస్తుంది. ఒళ్లు మండి ఎడమ చివరికి తిప్పేసే మనిషి కోపం ఎంతో సరిగ్గా అక్కడే తెలియకుండా పోతుంది. పొటెన్షియోమీటర్‌కి అటూ ఇటూ ఒక్కో కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే చివర్లు లోపలికి జరిగి, కొలత నమ్మదగ్గదిగా ఉంటుంది. మూడోది పవర్ బ్యాంకు. కరెంటు వాడకం మరీ తక్కువైతే ఫోను నిండిపోయిందనుకుని కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. అందుకే బోర్డుని నిద్రపోనివ్వకుండా సెకనుకి నాలుగుసార్లు విలువ పంపేలా పెట్టాను.

ఇలా చేసిన ఆరు డబ్బాలూ రూటర్‌తో పని లేకుండా, బోర్డులు నేరుగా ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఈఎస్‌పీ నౌ పద్ధతిలో ఏడో బోర్డుకి పంపుతాయి. అది యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి ఉంటుంది. అదే ల్యాప్‌టాప్ మైకులో టీవీ శబ్దం రికార్డవుతుంది. రెండింటికీ గడియారం ఒకటే కాబట్టి ఏ మాటకి ఏ చెయ్యి తిరిగిందో తర్వాత జతచేయడం తేలిక. స్ట్రీమింగ్ ముప్ఫై సెకన్లు ఆలస్యంగా వచ్చినా బాధ లేదు.

ఎవరెవరు కూర్చుంటారు

ఆరుగురితో దేశం నాడి దొరకదు. ఆ ఉద్దేశమూ లేదు. ఒక్కొక్కరి గీతని విడిగా, దగ్గర నుంచి చూడాలన్నదే కోరిక.

పక్క వీధిలో గుంటూరు అంకుల్ ఉన్నారు. గ్యాస్ స్టేషన్ నడుపుతారు, ఎప్పుడూ రిపబ్లికన్లకే వేస్తారు. వరంగల్లో మెడిసిన్ చదివి ఇక్కడికొచ్చిన డాక్టర్ ఆంటీది డెమోక్రాట్ల వైపు. ఎదురింటి రిటైర్డ్ టీచరమ్మ టెక్సాస్‌లోనే పుట్టి పెరిగారు, ఈసారి ఇంకా తేల్చుకోలేదన్నారు. కాలేజీలో చదువుతున్న అమ్మాయి ఒకరు, తొలి ఓటు. మా ఆఫీసులో పనిచేసే కరీంనగర్ అబ్బాయి హెచ్1బీ మీద ఉన్నాడు, ఓటు లేదు కానీ ఎవరు గెలిస్తే ఏమవుతుందోనన్న టెన్షన్ అందరికంటే అతనికే ఎక్కువ. ఆరో మనిషి మా అత్తగారు. తెనాలి నుంచి వేసవికి వచ్చారు. ఇంగ్లీషు అక్కడక్కడా అర్థమవుతుంది.

అత్తగారిని కూర్చోబెట్టడం ఏదో సరదాకి కాదు. మాటల అర్థం పూర్తిగా అందని మనిషి చెయ్యి ఎప్పుడు తిరుగుతుందో తెలిస్తే, గొంతూ ముఖమూ జనం హోరూ కలిసి చేసే పని ఎంతో విడిగా కనపడుతుంది. అందుకే పక్కన ఎవరూ తెలుగులో చెప్పకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం.

నియమాలు ఇంకొన్ని ఉన్నాయి. ఎవరి డబ్బా వాళ్ల ఒళ్లో, చున్నీ కిందో దిండు కిందో ఉండాలి. పక్కవాళ్ల చెయ్యి కనపడితే మన చెయ్యి మాట వినదు. గీతని కూడా ప్రసంగం అయ్యేదాకా ఎవరికీ చూపించను. బ్రిటన్‌లో 2010 ఎన్నికల డిబేట్ సమయంలో పరిశోధకులు కొందరు విద్యార్థులకు టీవీ కింద కావాలని మార్చిన గీతను చూపించారు. ఆ గీత ఎవరికి అనుకూలంగా ఉంటే డిబేట్ వాళ్లే గెలిచారని చూసినవాళ్లు అనుకున్నారు. అంత తేలిగ్గా మనసు వంగిపోయేటప్పుడు గీతని దాచిపెట్టడమే మేలు.

జూన్ ఆఖరు, పాత ప్రసంగంతో పరీక్ష

అసలు రోజుకి ముందు, ఫలితం అందరికీ తెలిసిన పాత ప్రసంగం ఒకటి పెట్టి చూశాం. 1984లో వాల్టర్ మాండేల్ డెమోక్రాట్ల నామినేషన్ స్వీకరిస్తూ పన్నులు పెంచక తప్పదని, అప్పటి అధ్యక్షుడు, తన ప్రత్యర్థి రేగన్ కూడా పెంచుతాడని, కాకపోతే ఆయన ఆ మాట మీకు చెప్పడని, తాను ఇప్పుడే చెప్పేశానని అన్నాడు. హాల్లో చప్పట్లు మోగాయి. మా హాల్లో గుంటూరు అంకుల్ డయల్ ఒక్కసారిగా ఎడమకి పడింది. అదేమంత ఆశ్చర్యం కాదు. డాక్టర్ ఆంటీది కూడా కిందికి దిగింది. చప్పట్లు ఒక వైపు, ఇంటి చేతులు ఇంకో వైపు. యంత్రం పనిచేస్తోందని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. (ఆ నవంబరులో మాండేల్‌కి తన సొంత రాష్ట్రం మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్ తప్ప ఏమీ రాలేదు.)

ఒక్కొక్కరి చెయ్యి ఎంత ఆలస్యంగా కదులుతుందో కూడా కొలిచాను. ఎప్పుడు వస్తుందో తెలియని బీప్ వినపడగానే తిప్పమన్నాను. కాలేజీ అమ్మాయికి సెకను కూడా పట్టలేదు. అత్తగారికి దాదాపు మూడు సెకన్లు పట్టింది. లెక్క వేసేటప్పుడు ఎవరి గీతని వాళ్ల ఆలస్యం మేరకు వెనక్కి జరపాలి. లేకపోతే ఒక వాక్యానికి వచ్చిన స్పందన పక్క వాక్యం ఖాతాలో పడుతుంది.

జూలై 18 రాత్రి, మిల్వాకీ

రిపబ్లికన్ కన్వెన్షన్ ఆఖరి రాత్రి. ఐదు రోజుల కిందటే పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి. ముందురోజు రాత్రి ఉషా వాన్స్ వేదిక ఎక్కి ఉపాధ్యక్ష అభ్యర్థి అయిన భర్త జేడీ వాన్స్‌ను పరిచయం చేశారు, ఆవిడ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి వడ్లూరు పేరు మా వాట్సాప్‌లో మార్మోగిపోయింది. గుంటూరు అంకుల్ మంచి హుషారుగా వచ్చారు. డాక్టర్ ఆంటీ వస్తారో రారో అనుకున్నాను, వచ్చారు.

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ట్రంప్ చెవికి తెల్ల కట్టుతో వేదిక మీదికి వచ్చాడు. సగం అమెరికాకి కాదు, మొత్తం అమెరికాకి అధ్యక్షుడిగా ఉండాలని పోటీ చేస్తున్నానన్నాడు. ఆ తర్వాత కాల్పుల కథ. గొంతు తగ్గించి, చాలా నెమ్మదిగా చెప్పాడు. వలసల లెక్కలు చూపించే చార్టు వైపు తల తిప్పడం వల్లే బతికానని ఆ చార్టుని మళ్లీ చూపించాడు. ఈ రాత్రి నేనిక్కడ ఉండాల్సిన వాణ్ని కాదు అన్నప్పుడు హాలంతా ఉండాల్సిందేనని అరిచింది. ఆ రోజు చనిపోయిన ఫైర్‌మన్ కోరీ కంపెరటోర్ కోటు, హెల్మెట్ వేదిక మీద ఉన్నాయి. వెళ్లి ఆ హెల్మెట్‌ని ముద్దుపెట్టుకున్నాడు.

ఇంతవరకూ ఆరు గీతలూ మధ్య గీతకి పైనే ఉన్నాయి. డాక్టర్ ఆంటీది కొద్దిగా పైన, అంకుల్‌ది కుడి చివరన. అత్తగారి గీత చూస్తే ఆశ్చర్యమేసింది. కథ మొదలైన దగ్గర నుంచి మెల్లగా, ఒక్కచోట కూడా తగ్గకుండా ఎక్కింది. "చావు తప్పి బయటపడ్డాడు కదమ్మా, కట్టు చూడు" అన్నారు తర్వాత. మాటలు సగమే అందినా ఆ నెమ్మది గొంతు ఆవిడకి అందింది.

ఆ తర్వాత ప్రసంగం దారి మార్చింది. వలసలు, ధరలు, పాత ప్రత్యర్థులు, రాసుకున్నది పక్కన పెట్టి చెప్పిన కబుర్లు. గీతలు విడిపోయాయి. ఆంటీది కిందికి, అంకుల్‌ది పైకి. ఇదంతా ఊహించిందే.

ఊహించనిది గీతలు ఆగిపోవడం. ప్రసంగం గంటన్నర దాటింది. టీవీలో వచ్చిన నామినేషన్ ప్రసంగాల్లో అదే అన్నిటికంటే పొడుగు. సగం కూడా కాకముందే టీచరమ్మ గీత 60 దగ్గర బల్లపరుపుగా అయిపోయింది. కరీంనగర్ అబ్బాయిది 45 దగ్గర ఆగింది. అంకుల్ గీత 90 దగ్గరే చివరిదాకా ఉండిపోయింది. సగటు గీతని మాత్రమే చూస్తే జనం చివరిదాకా ప్రశాంతంగా ఒప్పుకుంటూ విన్నారనుకోవాలి. నేను గదిలోనే ఉన్నాను కాబట్టి కొంత తెలుసు. టీచరమ్మ డబ్బా పక్కన పెట్టి టీ తాగుతున్నారు. అంకుల్ మాత్రం డయల్ మీద చెయ్యి పెట్టుకునే వింటున్నారు. గీతలో ఈ రెండూ ఒకేలా ఉన్నాయి.

లాజర్స్‌ఫెల్డ్ యంత్రం కూడా ఇక్కడే చిక్కుకుంటుంది. ఏ బటనూ నొక్కకపోతే ఉదాసీనత అని రాసుకుంటే, విసిగిపోయిన మనిషీ, ఊపిరి బిగబట్టి వింటున్న మనిషీ ఒకే గంపలో పడతారు.

జూలై ఆఖరు, మార్పులు

21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. రెండో ప్రసంగం ఎవరిదన్నది కొన్ని రోజులు తేలలేదు. నాకు మాత్రం డబ్బాలు బాగుచేసుకోవడానికి సమయం దొరికింది.

ఈఎస్‌పీ32లో తాకిడిని గుర్తించే పిన్నులు ఉన్నాయి. ఆవకాయ మూత చుట్టూ రాగి టేపు అంటించి, సన్నటి తీగతో నాలుగో పిన్నుకి కలిపాను. చెయ్యి మూత మీద ఉంటే అంకె పడిపోతుంది, తీసేస్తే లేస్తుంది. తీగ వదులుగా ఉండాలి, లేకపోతే తిప్పినప్పుడు తెగుతుంది. నేను మూత కింద రెండు చుట్లు వదిలాను. గదిలో ఏసీ ఆన్ అయినప్పుడు అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకని ప్రతి డబ్బాకీ మొదట్లో చెయ్యి తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొలిచి, మధ్య విలువని గీటుగా పెట్టుకున్నాను.

ఇప్పుడు కదలని డయల్ రెండు రకాలు. చెయ్యి ఉండి కదలనిది, చెయ్యే లేనిది. గ్రాఫులో మొదటిది నిండు గీత, రెండోది చుక్కల గీత.

ఇంకో మార్పు మనుషులతో మాట్లాడటం. 1941లో లాజర్స్‌ఫెల్డ్ తన కొత్త సహోద్యోగి రాబర్ట్ మెర్టన్‌ని ఒక రేడియో కార్యక్రమం పరీక్షకి తీసుకెళ్లాడు. బటన్లు నొక్కాక జనాన్ని కారణాలు అడిగే తీరు మెర్టన్‌కి నచ్చలేదు. ఇంకా మెరుగ్గా ఎలా అడగాలో ఆలోచించి, మనిషి స్పందించిన ఆ క్షణం దగ్గరికే తీసుకెళ్లి అడిగే పద్ధతిని తయారుచేశాడు. ఇప్పుడు మార్కెటింగ్ వాళ్లు చేసే ఫోకస్ గ్రూపులకి మూలం అదే. నేనూ అలాగే చేయాలనుకున్నాను. "ప్రసంగం ఎలా ఉంది?" అని అడగను. ఆ చోటి వీడియో మళ్లీ పెట్టి, "ఇక్కడ మీ చెయ్యి ఆగింది, అప్పుడేమనుకుంటున్నారు?" అని అడుగుతాను.

ఆగస్టు 22 రాత్రి, షికాగో

యునైటెడ్ సెంటర్‌లో డెమోక్రాట్ల కన్వెన్షన్ ఆఖరి రాత్రి. హాల్లో తెల్లబట్టలు వేసుకొచ్చిన మహిళలు ఎంతోమంది. బైడెన్ స్థానంలో అభ్యర్థి అయిన కమలా హ్యారిస్ పెళ్లిరోజు కూడా అదే, భర్తకి శుభాకాంక్షలు చెప్పి మొదలుపెట్టింది. ప్రసంగం ముప్పావు గంట లోపే. ట్రంప్ మాట్లాడినదాంట్లో సగం కూడా లేదు. చేతులు డయళ్ల మీద నుంచి లేవకపోవడానికి ఆ పొట్టితనం కూడా ఒక కారణమే. చుక్కల గీతలు దాదాపు లేవు.

తల్లి శ్యామల గోపాలన్ పంతొమ్మిదేళ్లకి రొమ్ము క్యాన్సర్‌కి మందు కనిపెట్టాలన్న కలతో ఒంటరిగా ఇండియా నుంచి కాలిఫోర్నియా రావడం, ఐదడుగుల మనిషి, యాసతో మాట్లాడే మనిషి అయినందుకు లోకం ఆమెని ఎలా చూసేదో పెద్దకూతురుగా తాను గమనించడం చెప్పింది. డాక్టర్ ఆంటీ గీత ఇక్కడ గోడెక్కినట్టు ఎక్కింది. అడిగితే ఆవిడ రెసిడెన్సీ రోజుల సంగతి చెప్పారు. పేషెంటు ఆవిడ మాటని సగంలో ఆపేసి, ఇంకో డాక్టర్ని పిలవమన్నాడట. గుంటూరు అంకుల్ చెయ్యి కూడా ఇక్కడ కుడికే తిరిగింది, కొద్దిగా. "వాళ్లమ్మ కష్టం కష్టమే కదమ్మా, దానికి పార్టీ ఏముంది" అన్నారు. మళ్లీ పన్నుల దగ్గరికి వచ్చేసరికి డయల్‌ని ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే తీసుకెళ్లారు.

తర్వాత వాండా కథ. హైస్కూల్లో ప్రాణస్నేహితురాలు బడిలో దిగులుగా ఉండటం, ఇంట్లో సవతి తండ్రి లైంగికంగా వేధిస్తున్నాడని తెలియడం, మా ఇంటికి వచ్చి ఉండమని వెంటనే చెప్పడం, తాను ప్రాసిక్యూటర్ అవ్వడానికి అదొక కారణమని చెప్పడం. ఈ భాగంలో కాలేజీ అమ్మాయి గీత నిండు గీతే, కానీ ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. పాత లెక్కలో అయితే ఉదాసీనత. ఆ చోటు మళ్లీ పెట్టి అడిగాను. "ఆంటీ, డయల్ ఉందని మర్చిపోయాను" అంది. అంతే చెప్పింది, నేనూ ఇంకేం అడగలేదు. నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన డేటా ఆ కదలని గీతే.

గాజా దగ్గర ఇంకోటి తేలింది. ఆత్మరక్షణ చేసుకునే హక్కు ఇజ్రాయెల్‌కి ఉందని, దానికి ఎప్పుడూ అండగా ఉంటానని ముందు చెప్పింది. ఆ వెంటనే పది నెలలుగా గాజాలో జరుగుతున్నది ఘోరమని, పాలస్తీనియన్లకి గౌరవం, భద్రత, స్వేచ్ఛ, స్వయం నిర్ణయాధికారం దక్కేలా పనిచేస్తున్నామని చెప్పింది. హాల్లో రెండోదానికి హోరు లేచింది. మా సగటు గీత ఈ నిమిషం పాటు చెరువు నీళ్లలా ఉంది. విడిగా చూస్తే కాలేజీ అమ్మాయి గీత ముందు పడి తర్వాత లేచింది, అంకుల్ గీత ముందు లేచి తర్వాత పడింది. ఒకరికొకరు ఎదురుగా లాగి సున్నా చేసేశారు. టీచరమ్మ రెండిటికీ కొంచెం కొంచెం ఎక్కారు. ఇంత పెనుగులాట జరిగిన నిమిషాన్ని టీవీ గీతలో చూసి ఉంటే, ఇక్కడ ఎవరికీ పట్టలేదని చెప్పేవాళ్లు.

కరీంనగర్ అబ్బాయి చెయ్యి వలసల మాట రాగానే లేచింది. వలసదారుల దేశంగా మన వారసత్వం నిలబెట్టుకోవచ్చని, పాడైపోయిన వలస విధానాన్ని బాగుచేయొచ్చని వినగానే డయల్ కుడికి. పౌరసత్వానికి సంపాదించుకునే దారి, సరిహద్దు భద్రత అన్న మాటల దగ్గర మెల్లగా మధ్యకి వచ్చేసింది. "అక్కా, అది కాయితాలు లేనివాళ్ల గురించి. గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డ మా మాట మిల్వాకీలోనూ రాలేదు, ఇక్కడా రాలేదు" అన్నాడు. ఓటు లేని మనిషి ప్రసంగాన్ని ఎంత జాగ్రత్తగా వింటాడో అతని గీత చూస్తే తెలుస్తుంది. ఆరింటిలో అదే అన్నిటికంటే ఎక్కువ కదిలింది.

నామినేషన్ స్వీకరించే వాక్యం కూడా చెప్పుకోవాలి. పార్టీ, జాతి, ఆడా మగా తేడా లేకుండా, మీ అమ్మమ్మ ఏ భాష మాట్లాడినా సరే, ప్రతి అమెరికన్ తరఫున అని పేర్చుకుంటూ వెళ్లి చివర్లో స్వీకరిస్తున్నాను అంది. కాలేజీ అమ్మాయి డయల్ కుడి చివరికి వెళ్లి తగిలిన టక్కుమన్న శబ్దం మైకులో కూడా రికార్డయింది.

ఆగస్టు 24, 25, లెక్కలు

శబ్దం ఫైలులోంచి చప్పట్లు ఎక్కడ మొదలయ్యాయో గుర్తించే చిన్న ప్రోగ్రామ్ రాశాను. మాట కంటే చప్పట్లు పొడుగ్గా, అన్ని స్థాయిల్లోనూ ఒకే హోరుగా ఉంటాయి కాబట్టి కష్టం కాలేదు. 1980ల్లో బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ అట్కిన్సన్ రాజకీయ సభల రికార్డింగులు విని, చప్పట్లు సుమారు ఎనిమిది సెకన్లు ఉంటాయని, మూడు మాటలు వరసగా పేర్చినప్పుడో, ఇది కాదు అది అని ఎదురెదురుగా పెట్టినప్పుడో అవి మొదలవుతాయని చూపించాడు. జనానికి ఎప్పుడు కొట్టాలో ముందే తెలిసిపోతుందన్నమాట.

నేను చూడాలనుకున్నది, మా వాళ్ల డయల్ చప్పట్లకి ముందు తిరిగిందా, తర్వాత తిరిగిందా అని. ఒక్కొక్కరి ఆలస్యం తీసేసి చూస్తే అంకుల్, డాక్టర్ ఆంటీ, కాలేజీ అమ్మాయి చాలాచోట్ల చప్పట్లకంటే ముందే తిప్పారు. టీచరమ్మ, మా అత్తగారు చప్పట్లు మొదలయ్యాకే. అత్తగారి విషయంలో అర్థం చేసుకోవచ్చు, ఆవిడకి హాలే అనువాదకుడు. టీచరమ్మ గురించి మాత్రం నేను చాలా ఆలోచించాను. ఎటూ తేల్చుకోని మనిషి గదిలో ఉన్నవాళ్ల వైపు, తెరలో ఉన్నవాళ్ల వైపు చూసి కొలుచుకుంటుందేమో. పార్టీలు హాలుని అంత శ్రద్ధగా నింపేది ఇలాంటివాళ్ల కోసమేనని నాకు అనిపిస్తోంది.

టీచరమ్మనే అడిగాను, మీ గీత షికాగోలో మిల్వాకీ కంటే పైన ఉంది, మరి ఓటు? "గొంతు నచ్చింది. కిరాణా ధరలు ఎలా తగ్గిస్తుందో ఇంకా తెలియలేదు" అన్నారు. నచ్చడం వేరు, వేయడం వేరు. డయల్‌కి మొదటిదే తెలుసు.

టీవీ లెక్కల్లో కూడా ఇదే చిక్కు. టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే నీల్సన్ సంస్థ ప్రకారం మిల్వాకీ ఆఖరి రాత్రిని సుమారు 2.54 కోట్ల మంది చూశారు, షికాగో ఆఖరి రాత్రిని సుమారు 2.62 కోట్ల మంది. 2008లో డెన్వర్ స్టేడియంలో ఒబామా మాట్లాడినప్పుడు 3.8 కోట్లు దాటారు. ఇవి ఎంతమంది టీవీ పెట్టారో చెబుతాయి, ఎవరు పెట్టారో చెప్పవు. సాధారణంగా ఏ పార్టీ కన్వెన్షన్‌ని ఆ పార్టీవాళ్లే ఎక్కువ చూస్తారు. 2016లో సీఎన్ఎన్ సర్వేలో ట్రంప్ ప్రసంగం చూసినవాళ్లలో 57 శాతం, హిల్లరీ క్లింటన్ ప్రసంగం చూసినవాళ్లలో 71 శాతం చాలా బాగుందన్నారు. ఎవరు గెలిచారో తెలుసు. 1988లో డెమోక్రాట్ అభ్యర్థి డుకాకిస్ తమ కన్వెన్షన్ అయ్యాక గాలప్ సర్వేలో 17 పాయింట్లు ముందున్నాడు. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు.

ఆగస్టు ఆఖరు, తర్వాతి పని

సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, హ్యారిస్‌ల డిబేట్. ఇద్దరు మాట్లాడతారు కాబట్టి ఇప్పుడున్న డబ్బా చాలదు. ఒకే డయల్‌తో కొలిస్తే, అది కిందికి పడినప్పుడు మాట్లాడుతున్న మనిషి నచ్చలేదా, పక్కన నిలబడి ముఖం పెట్టిన మనిషి నచ్చలేదా తెలియదు. మూతకి పక్కన ఒక చిన్న బటన్ పెడుతున్నాను. చూపు మాట్లాడని మనిషి మీద ఉన్నప్పుడు దాన్ని నొక్కి పట్టుకోవాలి. తాకిడి తీగ పిన్ను పక్క పిన్నుకి బటన్ తీగ ఆనితే రీడింగు గందరగోళమవుతోంది, అందుకని బటన్‌ని 27వ పిన్నుకి మార్చాను.

సగటు గీతని ప్రోగ్రామ్‌లోంచి తీసేశాను. ఆరు గీతలు ఆరు రంగుల్లో వస్తాయి, అంతే. అంకుల్, ఆంటీ ఇద్దరూ వస్తామన్నారు. అత్తగారి తిరుగు ప్రయాణం ఆ వారంలోనే ఉంది. ఆవిడ డబ్బా ఎవరికివ్వాలో ఇంకా వెతకాలి, ఇంగ్లీషు సగమే అందే మనిషి కావాలి.